కేబుల్ తీసేయాలా? పెళ్లి సీడీలు ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో కేబుల్ ఉంది, ఫైబర్ నెట్ ఉంది, వాటి మీద మూడు ఓటీటీలు. నెల తిరిగేసరికి టీవీకే బోలెడు పోతోంది. కేబుల్ తీయించేద్దామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. కానీ మా అత్తగారికి సాయంత్రం సీరియళ్లు, మామగారికి వార్తలు లేకపోతే గడవదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడి తీయించకండమ్మా. ముందు ఓ రెండు వారాలు టీవీ పక్కన ఒక కాగితం పెట్టి, ఎవరు ఏ ఛానల్ చూశారో రాయండి. మా ఇంట్లో అలా రాస్తే తేలినవి ఏడంటే ఏడే, మేం డబ్బు కడుతున్నది మాత్రం రెండు వందల పైచిలుకు ఛానళ్లకి.

ఆ కాగితం చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. 2019 నుంచి కేబుల్, డీటీహెచ్ బిల్లులో నెట్‌వర్క్ ఛార్జీ వేరు, పే ఛానళ్ల ధర వేరు, పైన జీఎస్టీ. ప్యాక్ తీసుకోకుండా కావలసిన ఛానళ్లు విడిగా ఎంచుకోవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లోనే ఉంది, కాబట్టి ఆపరేటర్ "ప్యాకే తీసుకోవాలి" అంటే ఒప్పుకోకండి. అయితే ఒకే సంస్థవి నాలుగైదు ఛానళ్లు కావాలంటే ప్యాకే చవక పడవచ్చు, రెండూ లెక్క వేయించుకుని చూడండి.

ఇక యాప్‌ల సంగతి. ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, జీ తెలుగువి జీ5లో, స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో ఉంటాయి. అంటే అత్తగారు నాలుగు ఛానళ్ల సీరియళ్లు చూస్తారనుకోండి, నాలుగు యాప్‌లు కావాలి, నాలుగు చోట్ల డబ్బు కట్టాలి, అప్పుడు కేబుల్ తీసి మిగిలేదేమీ ఉండదు. రెండు ఛానళ్లతో సరిపెట్టుకుంటే మాత్రం యాప్‌లు లాభమే. మామగారి వార్తలకు అసలు బెంగ లేదు, పేరున్న తెలుగు న్యూస్ ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ వస్తున్నాయి.

డబ్బు కన్నా నేను ఎక్కువ పట్టించుకునేది రిమోట్ సంగతి. మా అమ్మ ఛానల్ నంబర్లు వేళ్లతో గుర్తుపెట్టుకుంది, కళ్లజోడు లేకపోయినా మూడంకెలు నొక్కేస్తుంది. అదే యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, బాణం గుర్తులతో పక్కకీ కిందికీ జరుగుతూ సీరియల్ వెతుక్కోవాలంటే ఆమెకు ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు పక్కన ఉండాలి. పెద్దవాళ్లు తమ ఇంట్లో తాము టీవీ పెట్టుకోవడానికి ఇంకొకర్ని అడగాల్సి రావడం నాకు నచ్చదు. అందుకే హాల్లో టీవీకి నాలుగైదు ఛానళ్లతో కేబుల్ ఉంచండి, రెండో కనెక్షన్ ఉంటే అది తీసేయండి.

కోత పెట్టాల్సింది ఓటీటీల మీద. మూడూ ఒకేసారి ఎందుకు? ఈ నెల ఒకటి, చూడాల్సినవి చూసేశాక ఆపేసి వచ్చే నెల ఇంకొకటి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట ఎవరెవరికి అనుమతి ఇచ్చి ఉన్నారో కనిపిస్తుంది, ఈ రోజే తెరిచి చూడండి. ఫైబర్ ప్లాన్‌తో కలిపి ఏవైనా ఓటీటీలు వస్తున్నాయేమో కూడా అడగండి, ఒకే దానికి రెండు చోట్ల కట్టేవాళ్లు నాకు చాలామంది తగిలారు.

ప్రశ్న: పాత కంప్యూటర్‌ను ఇంట్లో మీడియా సర్వర్‌గా, అంటే వీడియోలు దాచి టీవీకి, ఫోన్లకు అందించేదిగా మార్చాలనుకుంటున్నాను. మా పెళ్లి సీడీలు, పిల్లల డీవీడీలు ఉన్నాయి. ఓటీటీ సినిమాలు కూడా అందులో దాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చివరి దానికి ముందు చెబుతాను. కుదరదు. ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన సినిమాకు తాళం వేసి ఉంటుంది, ఆ యాప్‌లో తప్ప ఆడదు, గడువు తీరితే పోతుంది. మనం కట్టేది అద్దె. పైరసీ సైట్ల నుంచి దింపుకునే దారి నన్ను అడగకండి, చెప్పను.

కానీ మీ పెళ్లి సీడీలు అద్దెవి కావు, సర్వర్ పెట్టాల్సింది వాటి కోసమే. సర్వర్ తర్వాత, ముందు వాటిని కాపీ చేయండి, ఈ వారమే. వీసీడీని కంప్యూటర్‌లో పెడితే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్, అందులో పేరు చివర .DAT అని ఉన్న ఫైల్ కనిపిస్తుంది, దాన్ని హార్డ్ డిస్క్‌లోకి లాగితే చాలు, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడుతుంది. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. మధ్యలో ఆగిపోతే మెత్తటి పొడి గుడ్డతో లోపలి నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. అప్పటికీ రాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ చదవనిది ఇంకొకటి చదవడం మామూలే. వెండిపూత పొరలుగా లేచిపోతే ఇక ఏ డ్రైవూ చేయగలిగింది లేదు. మా నాన్నగారి షష్టిపూర్తి రెండో డిస్క్ అలాగే పోయింది. మా తాతయ్య మాట్లాడిన ఒకే ఒక్క వీడియో అందులో ఉండేది. రేపు చేద్దాంలే అని నాలుగేళ్లు బీరువాలో పెట్టాను.

ఇక సర్వర్. నేను వాడే సర్వర్ సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్. పూర్తిగా ఉచితం, బయట ఎక్కడా ఖాతా అక్కర్లేదు, నెట్ పోయినా ఇంట్లో రౌటర్ వెలుగుతుంటే చాలు, టీవీలో ఆడుతుంది. అలాంటిదే ఇంకొకటి ప్లెక్స్, పెట్టుకోవడం ఇంకాస్త తేలికే, కానీ 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట నుంచి మన వీడియోలు మనం చూడటానికి కూడా డబ్బు అడుగుతోంది. జెల్లీఫిన్‌లో పెళ్లి వీడియోలను సినిమాల విభాగంలో వేయకండి, పేరు చూసి ఏదో సినిమా పోస్టర్ తగిలిస్తుంది. హోమ్ వీడియోస్ అనే విభాగం విడిగా ఉంది.

పాత కంప్యూటర్‌తో చిక్కల్లా కరెంటు. 60 వాట్లు లాగే డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు. 10 వాట్ల చిన్న మినీ పీసీకి ఏడు యూనిట్లే. అందుకని మొదట పాతదానితోనే మొదలుపెట్టి, చూసేటప్పుడు మాత్రమే ఆన్ చేయండి, రోజూ వాడుతున్నారని తేలితే అప్పుడు మినీ పీసీ కొనవచ్చు. స్థలానికి టెన్షన్ పడొద్దు, ఒక డీవీడీ 4.7 జీబీ అనుకున్నా 1 టీబీ డిస్క్‌లో 200కు పైగా పడతాయి. వీలైతే కంప్యూటర్ నుంచి రౌటర్‌కు కేబుల్ వేయండి, వై-ఫై మీద ఆగి ఆగి ఆడితే సర్వర్‌ను తప్పు పడతాం.

కాపీ చేశాక ఇంకో హార్డ్ డిస్క్‌లో రెండో ప్రతి తీసి తమ్ముడి ఇంట్లోనో అక్క ఇంట్లోనో ఉంచండి. ఒకే కంప్యూటర్‌లో రెండు డిస్కులు పెడితే పిడుగు పడిన రోజు రెండూ పోవచ్చు.

ప్రశ్న: సర్వర్ పెట్టాను. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి మాత్రం కనిపించడం లేదు. రౌటర్‌లో పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచినా పనిచేయలేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పు మీది కాకపోవచ్చండీ. మన దగ్గర చాలా నెట్ కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని, అంటే బయటి నెట్‌కు కనిపించే చిరునామాను, ఎంతోమందికి పంచుతారు, అలాంటప్పుడు మీ రౌటర్‌లో ఏ పోర్ట్ తెరిచినా బయటివాళ్లకు దారి దొరకదు. రెండు పరికరాలను నేరుగా కలిపే టెయిల్‌స్కేల్ అనే యాప్‌ను మీ కంప్యూటర్‌లోనూ, అమ్మాయి ఫోన్‌లోనూ వేసి ఒకే ఖాతాతో లాగిన్ అవ్వండి. ఇంటి అవసరానికి ఉచిత ప్లాన్ సరిపోతుంది. తర్వాత అమ్మాయి జెల్లీఫిన్ యాప్‌లో సర్వర్ చిరునామాగా టెయిల్‌స్కేల్ చూపించే 100తో మొదలయ్యే అంకెలు, వెనక కోలన్ గుర్తు పెట్టి 8096 ఇవ్వాలి. తెరిచిన పోర్ట్‌ను మాత్రం మర్చిపోకుండా మూసేయండి.