చెస్: సీ4 ఆటలో డీ4కి తొందరపడొద్దు

అన్నా, విజయవాడ చెస్ టోర్నీలో మీ బాబు తెల్లపావులతో మొదట సీ4 (సీ వరుస బంటుని నాలుగో గడికి తోయడం) ఆడి ఓడిన గేమ్ స్కోర్‌షీట్ (ఎత్తులు రాసిన కాగితం) పెట్టారు కదా, బోర్డు మీద వేసి చూశాను. ఓపెనింగ్ తప్పేం లేదు. నల్ల గుర్రం బీ6కి వెళ్లిన ఆ రివర్స్‌డ్ డ్రాగన్ (నల్ల ఆడే సిసిలియన్ డ్రాగన్ ఓపెనింగ్‌ని తెల్ల ఆడినట్టుండేది) మంచి పొజిషనే. దెబ్బ పడింది ఎనిమిదో ఎత్తులో. క్యాజిల్ (రాజుని ఏనుగు వైపు జరిపి భద్రం చేసే ఎత్తు) కాగానే డీ4 తోశాడు. ఈ5 బంటు దాన్ని కొట్టింది, వీడు గుర్రంతో తీశాడు, సీ6 గుర్రం దాన్ని తినేసింది. దాన్ని మంత్రితో తీద్దామంటే డీ8లో అవతలి మంత్రి కాపలా! ఒక గుర్రం ఉత్తపుణ్యానికి పోయింది.

అక్కడ డీ4కి బదులు ఏ3, ఆ తర్వాత బీ4 ఆడమనండి. బీ5 పడితే సీ6 గుర్రం లేవాలి, ఈ5 బంటు మనకి దొరుకుతుంది. అందుకే నల్ల సాధారణంగా ఎఫ్6తో దాన్ని కాచుకుంటుంది. ఇక సీ ఫైల్ (నిలువు వరుస)లోకి రూక్ (ఏనుగు) తెచ్చుకోవచ్చు. గుంటూరులో మా పాపతో ఈ ఒక్క పొజిషనే వారం రోజులు ఆడించాను, ఇప్పుడు డీ4 జోలికి పోవట్లేదు.