సైకిలు సంగతి తర్వాత, ముందు ఎన్ని గంటలకు బయలుదేరతారో చెప్పండి

ప్రశ్న: జూలైలో కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ వెళ్తున్నాం. అక్కడ స్కీ రిసార్టు చుట్టూ ఉన్న ఎత్తైన కొండదారుల్లో తొక్కడానికి ఎలాంటి మౌంటెన్ బైకు మంచిది? ఎంత ఖరీదు పెట్టవచ్చు?

మీరు సైకిలు గురించి అడిగారు, ఖరీదు గురించి అడిగారు, ఆకాశం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఆ ఊరికి ఐదు వేసవులుగా వెళ్తున్నాను. అక్కడ సైకిలు సరిగా లేక ఇబ్బంది పడినవాళ్ళు నాకు ఒక్కరూ కనిపించలేదు. ఆలస్యంగా బయలుదేరి ఇబ్బంది పడినవాళ్ళు ప్రతిసారీ కనిపిస్తారు. 1976లో ఆ ఊరి కుర్రాళ్ళు పాతకాలపు బరువైన సైకిళ్ళ మీద 3,870 మీటర్ల ఎత్తున్న పెర్ల్ పాస్ అనే కనుమ దాటి ఆస్పెన్ ఊరు చేరుకున్నారు. షాక్ అబ్జార్బర్లు లేవు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకే చాలావాటికి దిక్కు. కాబట్టి బ్రేకులు బాగా పట్టే సైకిలు ఏదైనా అద్దెకు తీసుకోండి, చాలు.

మూడేళ్ళ క్రితం జూలై చివర్లో మా తమ్ముడు హ్యూస్టన్ నుంచి వచ్చాడు. వాడు మారథాన్లు పరుగెత్తేవాడు. సముద్రమట్టం నుంచి వచ్చి, 2,700 మీటర్ల ఎత్తున్న ఊళ్ళో ఒక్క రాత్రి పడుకుని, మర్నాడే 401 అని పిలిచే కొండబాటకు వెళ్దామన్నాడు. నేను వద్దనాల్సింది, అనలేదు. పైగా సైకిలు అద్దెకిచ్చే చోట వెనక బ్రేకు సరిచేయించుకునేసరికి పదిన్నర అయింది. ముందురోజు సాయంత్రమే సైకిలు తెచ్చుకుని, మెట్ల మీద నుంచి ఒకసారి దింపి చూసుకోండి. ఉదయం పూట ఆ పని పెట్టుకోవద్దు.

రిసార్టు దాటాక మట్టిరోడ్డు గోథిక్ అనే చిన్న ఊరి మీదుగా, ఎమరాల్డ్ సరస్సు పక్కనుంచి స్కోఫీల్డ్ పాస్‌కు ఎక్కుతుంది. అది దాదాపు 3,260 మీటర్ల ఎత్తు. అక్కడి గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. తమ్ముడు ప్రతి మలుపు దగ్గరా దిగిపోయి హ్యాండిల్ మీద నుదురు ఆనించి నిలబడేవాడు. కాళ్ళలో సత్తువ ఉంది, ఊపిరే అందడం లేదు. పాస్ చేరేసరికి ఒంటిగంట. పడమటి కొండ అంచున అరచేయంత మబ్బు ఉంది. అసలు దారి అక్కడే మొదలవుతుంది కదా, ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా అన్నాడు. స్ప్రూస్ చెట్ల మధ్య ఇంకా పైకి ఎక్కాం.

అడవి దాటి పచ్చిక బయలులోకి రాగానే కొండంతా పూలే, నీలం లుపిన్లు, పసుపు పూలు, నడుము ఎత్తున. జానెడు వెడల్పు బాట వాటి మధ్య కనిపించీ కనిపించకుండా దిగుతోంది. అప్పుడు మెరిసింది. ఉరుము వినబడేదాకా లెక్కపెట్టాను, పన్నెండు. అంటే సుమారు నాలుగు కిలోమీటర్లు. రెండోసారి ఐదు. చెట్టన్నది లేని ఆ వాలు మీద అందరికంటే ఎత్తుగా ఉన్నది మేమిద్దరమే. వెంటనే వడగళ్ళు మొదలయ్యాయి. హెల్మెట్ మీద గులకరాళ్ళు గుమ్మరించినట్టు చప్పుడు. చక్రాలు తిరిగి తిరిగి లోతైన ఆ బాటలోకి వడగళ్ళు దొర్లి చేరి, పచ్చటి కొండ మీద సున్నంతో గీత గీసినట్టు దారి తెల్లగా తేలింది. దాని మీద టైరు నిలవదు. "అక్కా, వేళ్ళు ముడుచుకోవడం లేదు" అన్నాడు తమ్ముడు. బ్రేకు పట్టలేని చేతులతో ఆ దిగుడు దిగడం కుదరదు. సైకిళ్ళు నడిపించుకుంటూ అడవిలోకి వెనక్కి వెళ్ళాం. ఒకే ఎత్తు చెట్లు గుంపుగా ఉన్నచోట, మానుకు ఆనుకోకుండా, ఒకరికొకరం దూరంగా గొంతుకూర్చున్నాం. ఎదుటి కొండ మీద పిడుగు పడినప్పుడు లెక్కపెట్టడానికి ఒకటి కూడా దొరకలేదు. నలభై నిమిషాలు అలాగే ఉన్నాం. వాడు చొక్కా మీదే వచ్చాడు. నా సంచిలోని రెండో జాకెట్టు ఇచ్చాను, దవడలు అదరడం మాత్రం ఊరు చేరేదాకా ఆగలేదు.

అది మా దురదృష్టం కాదు. పొద్దుటి ఎండకు కొండ వాలులు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, జూలై, ఆగస్టుల్లో దక్షిణం నుంచి తేమ వస్తుంది, మధ్యాహ్నానికి ఉరుముల మబ్బు తయారు. మధ్యాహ్నం లోపు చెట్ల హద్దు, అంటే చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు, దాని కిందికి దిగిపోవాలని అక్కడ పిల్లలకు కూడా తెలుసు.

ఇంకో మాట, అడగకపోయినా చెప్తాను. వాన తర్వాత బాటలో నీళ్ళు నిలిస్తే చాలామంది పక్కన పూల మీదుగా తొక్కుకుంటూ పోతారు. జానెడు బాట ఏడాదిలో బారెడు అవుతుంది. ఫోటో కోసం సైకిలును పూలలో పడుకోబెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కింద గోథిక్‌లో 1928 నుంచి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి మార్మట్లనైతే, అంటే బొరియల్లో ఉండే పెద్ద ఉడుతల్లాంటి జంతువులను, 1962 నుంచి తరం తర్వాత తరంగా గమనిస్తున్నారు. నేలలో చిన్న గుర్తుజెండా కనిపిస్తే అది ఎవరిదో ఏళ్ళ శ్రమ, దాని దగ్గరికి పోవద్దు. ఇక విద్యుత్ సైకిలు అద్దెకు తీసుకుందామనుకుంటే, అమెరికా అటవీ శాఖ అయిన ఫారెస్ట్ సర్వీసు లెక్కలో అది మోటారు వాహనమే, ఈ బాట మీదికి రానివ్వరు. పక్కనే ఉన్న మరూన్ బెల్స్ రక్షిత ప్రాంతంలోకైతే మామూలు సైకిలు కూడా పోకూడదు.

మీకు నా లెక్క ఇది. మొదటి రెండు రోజులు రిసార్టు బైక్ పార్కులో లిఫ్టు ఎక్కి దిగుతూ బ్రేకు అలవాటు చేసుకోండి, నీళ్ళు బాగా తాగండి. మూడో రోజు ఆరింటికల్లా రోడ్డు మీద ఉండండి. వాన చొక్కా, వేళ్ళు కప్పే చేతి తొడుగులు సంచిలో ఉండాలి.

మేము రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాం. ఆరింటికి బయలుదేరి, పదింటికి ముందే అదే పచ్చిక బయలులో ఉన్నాం. తమ్ముడు ఎక్కడా దిగలేదు. ఒంటిగంటకు ఊళ్ళో సైకిళ్ళకు పట్టిన మట్టి కడుగుతుంటే గోథిక్ కొండ వెనక మెరిసింది. వాడు గొట్టం కింద పెట్టి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.