పన్నెండు హైస్కూళ్లలో మన అమ్మాయికి ఏది?

"అన్నా, ఈ పన్నెండిటిలో నంబర్ వన్ ఏది? అక్కడే అద్దెకు దిగుతాం." కంపెనీ బదిలీ మీద కూకట్‌పల్లి నుంచి డాలస్ వస్తున్న ఒక తమ్ముడు పంపిన ప్రశ్న ఇది. దానికి ఒక ఎక్సెల్ పట్టిక జతచేశాడు. డాలస్ శివారు ఫ్రిస్కోలో ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌లోని ప్రతి హైస్కూల్ పేరు, పక్కన పదికి ఇన్ని అని స్కోరు, ఆ చుట్టుపక్కల రెండు పడకగదుల ఇంటి అద్దె. మూడు గడులకు పసుపు రంగు. అమ్మాయి ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరుతుంది. ఇలాంటి పట్టికలు నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి. జవాబు అందరికీ దాదాపు ఒకటే కాబట్టి ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఆ పట్టికలో కనిపించని సంగతి. ఇక్కడ ఏ బడి అన్నది ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది, కానీ ఊరి పేరూ డిస్ట్రిక్ట్ పేరూ ఒకటి కావు. ఫ్రిస్కో ఊరు ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ అనే నాలుగు స్కూల్ డిస్ట్రిక్ట్‌ల కింద ఉంది. ఫ్రిస్కో డిస్ట్రిక్ట్ ఏమో పక్కనున్న ప్లేనో, మెకిన్నీ ఊళ్లలోకీ చొచ్చుకుపోయింది. చిరునామాలో ఫ్రిస్కో అని ఉంది కదా అని అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేయకండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు, వీధి పేరు ఇస్తే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ ఏవో చూపిస్తుంది. అదొక్కటే నమ్మండి. ఏజెంటును అడిగినా సూటిగా చెప్పకపోవచ్చు. ఇళ్ల విషయంలో వివక్ష కూడదన్న 1968 నాటి ఫెడరల్ చట్టం ఉంది. ఫలానా పేటలో బడి మంచిది, ఫలానా చోట కాదు అంటే ఎక్కడ ఇరుక్కుంటామో అని వాళ్ల జంకు.

ఇక అసలు ప్రశ్న. ఇక్కడ పన్నెండు హైస్కూళ్లు ఎందుకున్నాయో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. దగ్గర్లోని ఆలెన్‌లో డిస్ట్రిక్ట్ మొత్తానికీ ఒకటే పెద్ద హైస్కూల్. అక్కడ 2012లో తెరిచిన ఫుట్‌బాల్ స్టేడియానికే ఆరు కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. ప్లేనోలో తొమ్మిది, పది తరగతులకు హైస్కూళ్లు వేరు, పదకొండు, పన్నెండుకు సీనియర్ హైస్కూళ్లు వేరు. ఆ సీనియర్లు మూడే. ఫ్రిస్కో దారి మరొకటి. ఒక్కో బడిలో రెండు వేల పైచిలుకు పిల్లలు, జనం పెరిగితే ఇంకో బడి. లిబర్టీ 2007లో వచ్చింది, ఇండిపెండెన్స్ 2014లో, లెబనాన్ ట్రెయిల్ 2016లో, ఎమర్సన్ 2021లో, పాంథర్ క్రీక్ 2022లో. బడి చిన్నదైతే ఆటల జట్టులో, బ్యాండులో, నాటకంలో ఎక్కువమంది పిల్లలకు చోటు దొరుకుతుందన్నది వాళ్ల ఆలోచన. అన్నిటినీ నడిపేది ఒకే బోర్డు. టీచర్లకు ఒకే జీతాల పట్టిక. మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక బ్రాంచికీ ఇంకో బ్రాంచికీ ఉండే తేడాను ఇక్కడ వెతకబోతే నిరాశే మిగులుతుంది.

మరి స్కోర్లలో తేడా ఎక్కడిది? ఆ అంకెలో పెద్ద వాటా పరీక్ష మార్కులది. ఆ మార్కుల్లో పెద్ద వాటా ఇళ్లది. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వారానికి రెండు సాయంత్రాలు లెక్కల ట్యూషన్, వేసవిలో వచ్చే ఏడాది పాఠాలు ముందే పూర్తి. అలాంటి వీధులు వంద ఉంటే ఆ బడికి తొమ్మిది వస్తుంది. అందులో బడి కష్టం ఎంత, ట్యూషన్ కష్టం ఎంత అన్నది ఆ తొమ్మిది చెప్పదు. పట్టిక తయారు చేసి తీరాలనుకుంటే టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ప్రతి స్కూల్‌కూ ఏటా ఇచ్చే నివేదిక తెరవండి. టీచర్లకు సగటున ఎన్నేళ్ల అనుభవం, ఏపీ పరీక్షలు ఎంతమంది రాస్తే ఎంతమంది గట్టెక్కారు, అన్నీ అందులో ఉంటాయి. (ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి సబ్జెక్టులు. మా అత్తగారికి ఇది అర్థం కావడానికి ఒక వేసవి పట్టింది.)

ఇప్పుడు టెక్సాస్ మెలిక. మనవాళ్లు ఇల్లు కొన్నాక తెలుసుకుని తల పట్టుకునేది దీని గురించే. 1997లో ఇక్కడ ఒక చట్టం చేశారు. ప్రతి హైస్కూల్లో ర్యాంకుల్లో మొదటి పది శాతం పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు దానంతట అదే వస్తుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు మాత్రం సడలింపు ఇచ్చారు. అక్కడ చాలాకాలం ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ల నుంచి అయిదు శాతం చేశారు. ఈ లెక్క డిస్ట్రిక్ట్ మొత్తానికి కాదు, మీ అమ్మాయి చదివే బడిలో, ఆమె తరగతిలో. అయిదు వందల మంది ఉంటే పాతిక మంది. ఆ పసుపు గడుల బడిలో ఆ పాతిక కోసం పోటీపడే వాళ్లలో సగం మంది ఇళ్లలో మన ఇంట్లో జరిగే సంభాషణే జరుగుతుంటుంది. అదే అమ్మాయి, అవే మార్కులు. మూడు మైళ్ల అవతలి బడిలో అయితే ఆ పాతికలో ఉండేదేమో.

ర్యాంకు జీపీఏ మీద, అంటే సబ్జెక్టుల పాయింట్ల సగటు మీద ఆధారపడుతుంది. ఫ్రిస్కోలో ఏపీ సబ్జెక్టుకు గరిష్ఠం 6, దానికి ఒక మెట్టు కిందిదైన 'అడ్వాన్స్‌డ్'కు 5.5, మామూలు సబ్జెక్టుకు 5. మా వీధిలో ఒక అమ్మాయి ఆరేళ్లు వయొలిన్ వాయించింది. పదో తరగతిలో వాళ్ల నాన్న కాగితం మీద లెక్క వేసి చూపించాడు: ఏడు సబ్జెక్టులు ఆరు చొప్పున, ఎనిమిదోది అయిదు పాయింట్లదైతే సగటు 5.875. నూటికి నూరు తెచ్చుకున్నా అంతే. వయొలిన్ మానేసింది. ఆ పెట్టె ఇప్పటికీ వాళ్ల గ్యారేజీలో, క్రిస్మస్ దీపాల డబ్బాల మీద ఉంది. ఆయనను తప్పుపట్టలేను, నేనూ అలాంటి లెక్కలు వేసినవాణ్ణే. కానీ అద్దె ఇల్లు చూసుకునే రోజునే ఈ లెక్కలోకి దిగుతున్నామని తెలిసి దిగడం వేరు. పైగా సీటు దానంతట అదే వచ్చేది యూనివర్సిటీకే, బ్రాంచికి కాదు. ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ కావాలంటే మళ్లీ విడిగా వడపోత. అక్కడ ఆ వయొలిన్‌ను కూడా చూస్తారు.

ఇంకొకటి, ఏ వీధి ఏ బడి కిందికి వస్తుందో చెప్పే గీతలు మారుతాయి. మేము అమెరికాలో మొదట ఇల్లు కొన్న శివారులో హైస్కూల్ కోసమే నలభై వేల డాలర్లు ఎక్కువ పోశాం. మూడో ఏడు కొత్త బడి కట్టారు, మా వీధిని అందులో కలిపారు. దాని మీద బోర్డు పెట్టిన సభకు వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడి వచ్చాను. మావాడు కొత్త బడికే వెళ్లాడు, హాయిగా చదువుకున్నాడు. పెరుగుతున్న చోట కొత్తవి కట్టి గీతలు మారుస్తారు, పిల్లలు తగ్గుతున్న చోట మూసి మారుస్తారు. ప్లేనోలోనే నాలుగు స్కూళ్లు మూయాలని 2024లో తీర్మానించారు. నాలుగేళ్ల చదువు కోసం ముప్ఫై ఏళ్ల అప్పు చేసేవాళ్లు ఒకసారి బోర్డు సమావేశాల వీడియోలు చూడండి.

కాబట్టి తమ్ముడూ, అద్దెలో నెలకు మూడు వందల తేడా ఉంటే నాలుగేళ్లకు 14,400 డాలర్లు. ఆ డబ్బు దగ్గర పెట్టుకుని ఆఫీసుకు దగ్గరగా, బడికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చూడు. ఇక్కడ పదహారేళ్లు వచ్చి కారు చేతికి అందేదాకా పిల్లల్ని దింపడం, తేవడం మీ పనే. బ్యాండులో చేరితే పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. అమ్మాయికి జంతు వైద్యమో, వంటో, సైబర్ భద్రతో ఇష్టమైతే 2008లో పెట్టిన కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది. ఏ హైస్కూల్ పిల్లలైనా బస్సులో అక్కడికి వెళ్లి చదువుకోవచ్చు. దాని కోసం ఇల్లు మారనవసరం లేదు.

స్కూల్లో చేరే రోజు కౌన్సెలర్‌ను అడగాల్సినవి మాత్రం రాసి పెట్టుకో. ఎనిమిదో తరగతి లెక్కలు చూసి అమ్మాయిని ఆల్జీబ్రా 1లో వేస్తారా, జామెట్రీలోనా? ఆల్జీబ్రా 1లోనే అంటే, పరీక్ష రాసి దాటే వీలుందా? హైస్కూల్ పూర్తి కావాలంటే విదేశీ భాషకు ఒకే భాషలో రెండు క్రెడిట్లు, అంటే రెండేళ్ల చదువు, కావాలి; తెలుగు పరీక్ష రాస్తే వాటిని ఇస్తారా? ఇచ్చేచోట స్పానిష్ గంట ఖాళీ అవుతుంది. టీకాల కాగితాలు ఆసుపత్రి ముద్రతో, తేదీలు స్పష్టంగా ఉన్నవి తెచ్చుకో. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు నీ పేరు మీదే ఉండాలి. ఆ రెండూ లేకుండా వెళితే ఆగస్టు ఎండలో రెండోసారి తిరగాల్సి వస్తుంది.