కోర్టు అనుభవం లేకుండా నేరుగా రాజకీయాల్లోకా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి 22 ఏళ్లు. అమెరికా సెనేటర్ జార్జ్ నోరిస్ గురించి చదివి, ప్రాక్టీసు దండగ, నేరుగా రాజకీయాల్లోకి వెళ్తానంటున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: మీ అబ్బాయి మంచి మనిషినే ఆదర్శంగా తీసుకున్నాడు గానీ, ఆయన జీవితంలో 20 ఏళ్లు దాటవేసి చదివినట్టున్నాడు. 1861లో ఒహాయోలో రైతు కుటుంబంలో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్న నోరిస్, బడిపంతులుగా పనిచేసుకుంటూ చదివి 1883లో లా పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత నెబ్రాస్కాలో ప్లీడరుగా, ప్రాసిక్యూటరుగా, జిల్లా జడ్జిగా పనిచేసి, 1903లో గాని అమెరికా చట్టసభలో దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో అడుగుపెట్టలేదు.

ఆ అనుభవం దేనికి పనికొచ్చిందో 1910 మార్చిలో తెలిసింది. స్పీకర్ జోసెఫ్ కానన్ నిబంధనల కమిటీని తన గుప్పిట్లో పెట్టుకుని, ఏ బిల్లు చర్చకు రావాలో తానే తేల్చేవారు. ఆ అధికారాన్ని తగ్గించే తీర్మానాన్ని కాగితం మీద రాసి, అదను కోసం జేబులో పెట్టుకు తిరిగిన నోరిస్‌ది కూడా కానన్ పార్టీయే. జనాభా లెక్కలు రాజ్యాంగం ఆదేశించిన విషయం గనుక వాటికి ప్రాధాన్యం ఇవ్వాలన్న వాదాన్ని సభ అంగీకరించగానే ఆయన లేచి, సభా నిబంధనల ప్రస్తావన కూడా రాజ్యాంగంలోనే ఉంది గనుక తన తీర్మానానికీ ఆ ప్రాధాన్యం దక్కాలని వాదించారు. స్పీకర్ తోసిపుచ్చినా, సభ ఆ రూలింగును కాదని 191–156 ఓట్లతో తీర్మానాన్ని ఆమోదించింది, స్పీకర్ ఆ కమిటీలో చోటు కోల్పోయారు. ఎదుటివారి వాదాన్నే పట్టుకుని వారిని కట్టిపడేయడం కోర్టులో అబ్బే విద్య. ఉపన్యాసాలతో వచ్చేది కాదు.

సమ్మెలపై కోర్టులిచ్చే నిషేధ ఉత్తర్వులకు కళ్లెం వేసిన 1932 నాటి నోరిస్–లాగార్డియా చట్టం వెనుకా ఈ న్యాయ పరిజ్ఞానమే ఉందని నా అభిప్రాయం. నోరిస్ పట్టుబట్టి సాధించిన టెన్నెసీ లోయ విద్యుత్ పథకం సంగతి మీ అబ్బాయి చదివే ఉంటాడు.

మన దగ్గర శాసనసభకు పోటీ చేయాలంటే ఎలాగూ 25 ఏళ్లు నిండాలి. బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, ఈ మూడేళ్లూ ట్రయల్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకొమ్మనండి. శాసనసభ కార్యవిధాన నియమావళిని కూడా చదవమనండి. ఎమ్మెల్యే అయినంత మాత్రాన ప్రాక్టీసు మానుకోనక్కరలేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.