మార్కులున్నా ఉద్యోగం ఇవ్వలేదు, హైకోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వ కార్పొరేషన్ ఒకటి అసిస్టెంట్ మేనేజర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. రాతపరీక్షకు 80, ఇంటర్వ్యూకు 20 మార్కులు, రెండూ కలిపి మెరిట్ లిస్ట్ అన్నారు. నాకు రాతపరీక్షలో 64, ఇంటర్వ్యూలో 8, మొత్తం 72 వచ్చాయి. ఇంటర్వ్యూలో కనీసం 10 రాలేదని ఫలితాల్లో నన్ను పక్కనపెట్టి, 68 వచ్చినవాళ్లకు ఇచ్చారు. ఈ 10 మార్కుల సంగతి అంతకుముందు ఎక్కడా చెప్పలేదు. ఎంపికైనవారిలో ఒకరు డైరెక్టర్‌గారి బంధువట. పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయొచ్చా సార్?

జవాబు: పిల్ మాట మర్చిపోండి. ఉద్యోగ నియామకాల గొడవల్లో పిల్ నిలవదని సుప్రీంకోర్టు 1998లోనే దుర్యోధన్ సాహు కేసులో చెప్పేసింది. నష్టపోయింది మీరు కాబట్టి మీ పేరు మీదే, రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. ప్రభుత్వ యాజమాన్యంలో, ప్రభుత్వ అదుపులో నడిచే కార్పొరేషన్‌కు కూడా సమానత్వం, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం గురించి చెప్పే 14, 16 అధికరణలు వర్తిస్తాయి, మా సంస్థ మా ఇష్టం అంటే కుదరదు.

మీ కోపమంతా ఆ బంధువు మీద ఉంది, అర్థమైంది, కానీ మీ కేసు బలం అక్కడ లేదు, ఆ 10 మార్కుల్లో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కేసే ఒకటుంది, కె. మంజుశ్రీ కేసు, తీర్పు 2008లో వచ్చింది. జిల్లా జడ్జి పోస్టులకు రాతపరీక్షకు 75, ఇంటర్వ్యూకు 25 మార్కులు పెట్టి, ఇంటర్వ్యూలు కూడా అయిపోయాక, ఇంటర్వ్యూలోనూ కనీస మార్కులు రావాలని కొత్త షరతు తెచ్చి జాబితా మార్చేశారు. ఆట అయిపోయాక నియమాలు మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది, మార్చింది సాక్షాత్తూ హైకోర్టే అయినా. 2024 నవంబరులో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనని తేల్చింది.

అయితే అందులోనే ఒక మెలిక ఉంది. నిబంధనలు ఆ అధికారం ఇస్తే ఒక్కో దశకు కనీస మార్కులు తర్వాత కూడా నిర్ణయించుకోవచ్చు, కాకపోతే ఆ దశ రాకముందే నిర్ణయించాలి, అభ్యర్థికి గానీ మార్కులు వేసేవాళ్లకు గానీ అది హఠాత్తుగా మీద పడకూడదు. అంటే ఇంటర్వ్యూలకు ముందే బోర్డు తీర్మానం చేసిందండీ అని రేపు కార్పొరేషన్ లాయరు లేస్తారు. కాబట్టి ఆ నిర్ణయం ఏ తేదీన జరిగిందన్నదే మీ కేసుకు ప్రాణం.

ఈ వారంలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. నాకెందుకు అన్యాయం చేశారని అడిగితే ఏమీ రాదు, కాగితాలు అడగాలి: నియామక నిబంధనల కాపీ, 10 మార్కుల నిర్ణయం తాలూకు నోట్ ఫైలు, మినిట్స్ (సమావేశంలో ఏం నిర్ణయించారో రాసిన కాగితం), తేదీలతో సహా. ఎంపికైనవారి రాత, ఇంటర్వ్యూ మార్కులు కూడా అడగండి. నోటిఫికేషన్, ఫలితాల పేజీ వెబ్‌సైట్ నుంచి తీసేయకముందే ప్రింట్లు తీసి పెట్టుకోండి, ఇలాంటివి రాత్రికి రాత్రి మాయమవుతుంటాయి. సమాచారం రాలేదని రిట్ మాత్రం ఆపొద్దు. రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేకపోయినా, ఆలస్యం చేసినవాళ్లను కోర్టు ఆదరించదు, ఆ ఫైలు తెప్పించమని కోర్టునే అడగొచ్చు.

బంధువు సంగతి. ఆ డైరెక్టర్ ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుని తన మనిషికి మార్కులు వేశారా? వేసుంటే అది గట్టి పాయింటే, బంధువు వచ్చినప్పుడు సభ్యుడు పక్కకు తప్పుకోవాలని 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో చెప్పారు. ‘అట’ దగ్గరే ఆగితే అఫిడవిట్‌లో రాయకండి, మిగతా కేసు కూడా పలచనవుతుంది. ఇంకోటి, ఆయన బోర్డులో ఉన్నారని, బంధువు పోటీలో ఉన్నారని ముందే తెలిసి కిక్కురుమనకుండా ఇంటర్వ్యూకు వెళ్లి, ఉద్యోగం రాలేదని ఇప్పుడు తప్పు పడితే 1995 నాటి మదన్‌లాల్ తీర్పు మీకు అడ్డం వస్తుంది. 10 మార్కుల విషయంలో ఆ భయం లేదు, మీకు ముందు తెలిస్తే కదా.

మీకంటే తక్కువ మార్కులతో ఎంపికైనవాళ్లను తప్పకుండా ప్రతివాదులుగా చేర్చండి, వాళ్ల మాట వినకుండా వాళ్ల ఉద్యోగం తీసేయరు, చాలా పిటిషన్లు ఇక్కడే దెబ్బతింటాయి. కోర్టు సాధారణంగా ఉద్యోగం నేరుగా చేతిలో పెట్టదు, కాబట్టి ఆ షరతు తీసేసి 80, 20 లెక్కతోనే లిస్ట్ మళ్లీ వేయించమని అడగండి. తీర్పు వచ్చేలోగా జరిగే నియామకాలన్నీ రిట్ తుది తీర్పుకు లోబడి ఉండాలని మధ్యంతర ఉత్తర్వు అడగమని లాయరుకు చెప్పండి, అదీ మొదటి వాయిదాలోనే, వాళ్లింకా జాయిన్ కాకముందైతే మరీ మంచిది.