గరిటె మీ చేతిలోనే ఉంచుకుంటే ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే వ్యవహారం మీద ఉన్నాయి. ఇంటికి నలుగురిని పిలిచి, వంట చేసి చూపించి, కుక్కర్లూ పెనాలూ అమ్మడం. మూడూ మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచే వచ్చాయి కాబట్టి ఒకచోటే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కయ్య గారూ, మాది విజయనగరం. ఏడాదిగా స్టీలు కుక్కర్లు, మూకుళ్లు, దోశ పెనాలు అమ్ముతున్నాను. తెలిసినవాళ్ల ఇంట్లో పది పన్నెండు మందిని పిలిపించి డెమో చేస్తాను. మొదటి పావుగంట బాగానే వింటారు. ఆ తర్వాత ఒకామె ఫోన్ తీస్తుంది, ఇద్దరు పెళ్లి సంబంధాల కబుర్లలో పడతారు, కూర అయ్యాక తినేసి "బాగుందమ్మా, మా ఆయన్ని అడిగి చెప్తాం" అని వెళ్లిపోతారు. గేమ్స్ పెట్టమని మా పై మేడమ్ చెబితే తంబోలా ఆడించాను. ఆట బ్రహ్మాండంగా ఆడారు, కుక్కర్ మాత్రం ఎవరూ కొనలేదు. డెమో అంటేనే టెన్షన్ పట్టుకుంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ గంటన్నరా గరిటె ఎవరి చేతిలో ఉంది? ఉల్లిపాయలు మీరే తరిగారు, పోపు మీరే పెట్టారు, మూత మీరే బిగించారు, మాటలన్నీ మీరే మాట్లాడారు. ఎదురుగా కూర్చున్నవాళ్లేమో ఇరవై ముప్పై ఏళ్లుగా రెండు పూటలా వండుతున్నవాళ్లు. వాళ్లని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి పప్పు ఎలా ఉడుకుతుందో పాఠం చెబితే ఫోన్ తియ్యక ఏం చేస్తారు? నేనైనా తీస్తాను.

ఈ పని నేనూ ఎనిమిదేళ్లు చేశాను. నెల్లిమర్ల, చీపురుపల్లి, రాజాం, పాలకొండ, ఎక్కడికి పిలిస్తే అక్కడికి కుక్కర్ల సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లేదాన్ని. మొదటి ఏడాది అచ్చం మీలాగే ఉండేది నా పరిస్థితి. శిక్షణలో మాకు నేర్పినవి వెజిటబుల్ పులావు, కుక్కర్లో కేకు. తిన్నవాళ్లందరూ బాగుందనేవారు, కానీ ఇంటికెళ్లి ఆ కేకు ఎప్పుడు చేస్తారు చెప్పండి?

ఒకసారి విజయనగరంలో కోట దగ్గర ఒకరింట్లో డెమో. పనసకాయల రోజులు. ఇంటావిడ పులావుకి కూరగాయలు తేవడం మర్చిపోయి, బజార్లో కొట్టించిన పనసపొట్టు ఉందని అది పెట్టింది. సరే అదే కానిద్దామని పొట్టులో కాస్త పసుపు, ఉప్పు వేసి కుక్కర్ పెట్టాను. రెండు విజిల్స్ రాగానే దించి, ఆవిరి పోయాక నీళ్లు పిండి, చింతపండు గుజ్జు వేసి పోపులో కలిపాను. ఇక ఆవ పెట్టాలి. ఆ ఇంటివాళ్లు ఎంత ఘాటు తింటారో నాకేం తెలుసు, అందుకని ముందు వరసలో ఉన్న పెద్దావిడకి ఆవముద్ద గిన్నె అందించి "పిన్నిగారూ, మీరు పెట్టండి" అన్నాను. అదే నేను చేసిన మంచిపని, అదీ అనుకుని చేసింది కాదు.

"ఏటమ్మా, పొయ్యి మీద ఉండగానే పెట్టెస్తావేటి? చేదొచ్చెస్తాది, ముందు దించు" అని ఆవిడ లేచారు. దించితే చాలదు, కాస్త చల్లారాలని ఇంకొకావిడ. బెల్లం ముక్క పడకపోతే అది పనసపొట్టే కాదని వెనక నుంచి ఒకరు. బెల్లం వేస్తే కూరా పరవాన్నమా అని మరొకరు. అయిదు నిమిషాల్లో గదంతా రెండు పార్టీలైపోయింది. ఫోన్లు చాప మీద బోర్లా పడి ఉన్నాయి, మనుషులు పొయ్యి చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ గొడవలో పొట్టు వేళ్లతో నలిపి చూసిన ఒకావిడ "ఇది ముద్దవలేదే, మా కుక్కర్లో అయితే ముద్దయిపోతాది" అంది. అదే మాట నేనంటే ఎవరైనా నమ్మేవారా? నిజానికి అందులో కుక్కర్ గొప్పతనం సగమే, రెండో విజిల్‌కే దించడం మిగతా సగం, ఆ సంగతి కూడా అక్కడే చెప్పేశాను. ఆ రోజు మూడు కుక్కర్లు అమ్ముడుపోయాయి. నేను నిజం చెప్పినందుకే కొన్నారని నా అనుమానం.

అందుకని తంబోలా కట్టిపెట్టండి. తంబోలా ఆడితే తంబోలాయే గుర్తుంటుంది. వాళ్లకి బాగా తెలిసిన వంట పెట్టండి, పనసపొట్టో, గుమ్మడికాయ దప్పళమో, చోడిపిండి (రాగిపిండి) దోశలో. తెలిసిన వంటైతేనే తేడా పట్టుకోగలరు. ఎవరూ ఎరగని పాస్తా వండితే అది కుక్కర్ వల్ల బాగుందో, కొత్తగా ఉంది కాబట్టి బాగుందో వాళ్లకెలా తెలుస్తుంది?

మీ ఉత్తరంలో ఒక ముక్క నాకు బాగా పట్టుకుంది. "మొదటి పావుగంట తర్వాత" అన్నారు. ఆ పావుగంటకి మీరు ఏం చేస్తున్నారో గుర్తు చేసుకోండి, కుక్కర్ మూత పెట్టి ఊరుకుంటున్నారు. ఆవిరి పట్టాలి, విజిల్స్ రావాలి, మళ్లీ ఆవిరి తనంతట తను పోవాలి. ఈలోగా చూడ్డానికి ఏమీ ఉండదు, మీరు కరపత్రం చదవడం మొదలుపెడతారు, వాళ్లు కబుర్లు మొదలుపెడతారు. తప్పు వాళ్లది కాదు.

ఆ ఖాళీలో నేనైతే ఇంకో కుక్కర్ మూత తీసి వాళ్ల చేతుల్లో పెట్టేదాన్ని. గాస్కెట్ ఊడదీసి ఒకరికి, వెయిట్ ఒకరికి. "గాస్కెట్ వదులైతే ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడేవాళ్లు చెయ్యెత్తండి" అంటే చాలు, నవ్వుకుంటూ సగం మంది ఎత్తుతారు, తర్వాత ఒక్కొక్కరి గాస్కెట్ కథ మొదలవుతుంది. పప్పు పొంగి గోడంతా కొట్టిన కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. అప్పుడు చెప్పండి అసలు సంగతి: మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, కుక్కర్లో ఒత్తిడి వల్ల 120 దాకా వెళ్తాయి, అందుకే త్వరగా ఉడుకుతుంది. మూడింట రెండొంతులకి మించి నింపకూడదు, పప్పులైతే సగానికే ఆపాలి, ఎందుకంటే ఆ నురగే పైకొచ్చి ఆవిరి పోయే దారి మూసేస్తుంది. ఇంట్లో వాడే కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2347 అన్న నంబరు ఉండాలని 2021 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. మీ కుక్కర్ అడుగున అది ఎక్కడుందో చూపించండి. ఆ సాయంత్రం ప్రతి ఒక్కరూ తమ కుక్కర్ తిరగేసి చూసుకుంటారు, అందులో ఒకరిద్దరికి కనిపించకపోతే మీకే ఫోన్ చేస్తారు.

స్టీలు పెనం అమ్మేటప్పుడు నీటి చుక్క ఆట పెట్టండి. ఒక్కొక్కరినీ వచ్చి పెనం మీద నీళ్లు చిలకరించమనండి. చుక్క చుయ్‌మని అక్కడికక్కడే ఆవిరైపోతే పెనం ఇంకా కాగలేదన్నమాట. ముత్యంలా గుండ్రంగా అయి పెనమంతా దొర్లితే కాగినట్టు, అప్పుడు సెగ కాస్త తగ్గించి నూనె వెయ్యాలి. స్టీలు పెనానికి దోశ అంటుకుపోతుందని తిట్టేవాళ్లు చాలామంది చల్లటి పెనం మీద పిండి వేసేవాళ్లే. (నాన్‌స్టిక్ పెనంతో మాత్రం ఈ ఆట వద్దు, దాన్ని ఖాళీగా కాల్చకూడదు.) దోశ వాళ్లనే వెయ్యమనండి, వాళ్లనే తిరగెయ్యమనండి. మొదటి దోశ చిరిగిపోతే మీరు కంగారు పడకండి, అందరిళ్లలోనూ మొదటి దోశ సంగతి అంతే కదా.

కబుర్లాడే ఆ ఇద్దరినీ ఆపాలని అస్సలు చూడకండి. ఒకరికి కొత్తిమీర కట్ట ఇవ్వండి, ఇంకొకరికి విజిల్స్ లెక్కపెట్టే పని ఇవ్వండి. కబుర్లు ఆగవు, కానీ పొయ్యి దగ్గరికొస్తాయి. ఇంటికెళ్లి వీధంతా చెప్పేది కూడా వాళ్లే.

పద్ధతి పాతదే. అమెరికాలో టప్పర్‌వేర్ డబ్బాలు మొదట్లో షాపుల్లో పెట్టినా సరిగా పోలేదు, మూత ఎలా బిగుస్తుందో చూపించేవాళ్లు లేక. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్లలో పార్టీలు పెట్టించి, లోపల ద్రవం పోసి మూత బిగించిన గిన్నెని గదిలో విసిరేదట, కారకుండా ఉంటుందని చూపించడానికి. 1951కల్లా ఆ కంపెనీ షాపుల్లోంచి సరుకు తీసేసి ఇళ్ల పార్టీలకే వచ్చేసింది. మీరు కుక్కర్ విసరక్కర్లేదు గానీ, చూసినవాళ్లు మళ్లీ చెప్పుకునేదేదో ఒకటి ఉండాలి.

పన్నెండు మంది ఎక్కువ. ఒక పొయ్యి చుట్టూ ఆరేడుగురే నిలబడగలరు, మిగతావాళ్లు వెనక్కి వెళ్లి ఫోన్ తీస్తారు. వేళ పదకొండు నుంచి పన్నెండున్నర మంచిది, పిల్లల స్కూల్ వ్యాన్ వచ్చే వేళకి పెడితే మూడున్నరకి గది ఖాళీ. పైడితల్లి సిరిమాను వారంలో పెట్టకండి, ఊళ్లో ప్రతి ఇంటా చుట్టాలే. కార్తీకమాసంలో పెడితే ఉల్లి, వెల్లుల్లి లేని వంట ఎంచుకోండి.

రేటు చివర్న చెప్పమని మీకు నేర్పే ఉంటారు. నేనొప్పుకోను. రేటు తెలిసేదాకా వాళ్లకి కూర మీద ధ్యాస ఉండదు, ఎంత పడుతుందో, ఎలా తప్పించుకోవాలో అదే ఆలోచన. గిన్నె గిన్నెకీ రేటు చీటీ అంటించి ముందే పెట్టండి. "మా ఆయన్ని అడిగి చెప్తాం" అన్న మాట సగం మంది దగ్గర వద్దని చెప్పడమే. ఆ సగాన్ని వదిలెయ్యండి. మిగతావాళ్లని "ఎప్పుడు ఫోన్ చెయ్యమంటారు" అని అడిగి, ఆ రోజే చెయ్యండి, ముందురోజు చెయ్యకండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా వదిన ఇలాంటి గిన్నెలే అమ్ముతుంది. మా ఇంట్లో డెమో పెడతానంటే కాదనలేక మా వీధివాళ్లని పిలిచాను. మొహమాటానికి నలుగురు కొన్నారు. ఇప్పుడు నన్ను చూస్తే పలకరించకుండా పక్కకి తప్పుకుంటున్నారు. వదినేమో వచ్చే నెల మళ్లీ పెడదామంటోంది.

జవాబు: మీ వీధివాళ్లు కొన్నది గిన్నెలు కాదు, మీ మొహం చూసి మీ మాట కొన్నారు. అది నెలనెలా అమ్ముకునే సరుకు కాదని వదినకి నెమ్మదిగా చెప్పండి. "వదినా, ఈసారి మీ వైపు వాళ్లింట్లో పెట్టు, వంటకి నేనొచ్చి సాయం చేస్తా" అంటే మాటా పోదు, బంధుత్వమూ పోదు. కొన్న నలుగురి ఇళ్లకీ మీరే ఒకసారి వెళ్లి గిన్నె ఎలా ఉందో అడగండి. ఎవరికైనా నచ్చకపోతే వాపసు సంగతి వదినతో మీరే మాట్లాడండి. కాస్త ఇబ్బందే, కానీ వీధిలో ఉండాల్సింది మీరు. ఒకవేళ మళ్లీ ఎప్పుడైనా పెడితే పిలిచేటప్పుడే "గిన్నెల డెమో, కొనక్కర్లేదు, పనసపొట్టు తినడానికి రండి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. పేరంటం అని పిలిచి కుక్కర్ చూపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: ఆమదాలవలస నుంచి రాస్తున్నాను. ఒక కంపెనీవాళ్లు నన్ను చేరమంటున్నారు. ముందు కొంత కట్టాలట, తర్వాత నేను అయిదుగురిని చేర్పిస్తే ఒక్కొక్కరికీ ఇంత అని వస్తుందట. గిన్నెలు అమ్మకపోయినా పర్వాలేదంటున్నారు. చేరమంటారా?

జవాబు: వద్దు. గిన్నె అమ్మకపోయినా మనిషిని చేర్పిస్తే డబ్బు వస్తుందంటే ఆ డబ్బు చేరినవాళ్ల జేబులోంచే కదా రావాలి. డైరెక్ట్ సెల్లింగ్ మీద కేంద్రం 2021 డిసెంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి పిరమిడ్ పథకాలు నిషిద్ధం. అవే నిబంధనల్లో, ఇంటికొచ్చి అమ్మేవాళ్లు ముందుగా అడిగి రావాలని, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలని, ఎవరి తరఫున ఎందుకొచ్చారో మొదటే చెప్పాలని కూడా ఉంది. మిమ్మల్ని చేరమన్నవాళ్లని ఆ కార్డు చూపించమనండి చూద్దాం. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే రసీదు పారెయ్యకుండా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.