పాతింటి బయటిగోడలు: మీరడిగారు, చెప్తున్నా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోడల గురించే. వానలు దగ్గరపడ్డాయి కదా, అందరికీ గోడలు గుర్తొచ్చే టైం. వాటిల్లో నాలుగు తీసుకున్నా, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్ నమస్తే. మాది ఏలూరు. మా అమ్మాయి దగ్గరికి అమెరికా వచ్చాం, మొన్న శనివారం వర్జీనియాలో జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నాన్ చూపించింది. దూరం నుంచి చూసి రాతి కట్టడం అనుకున్నా. దగ్గరికెళ్ళాక గైడ్ చెప్పింది, రాయి కాదంట, అంతా చెక్కంట, పెయింట్ మీద ఇసుక చల్లారంట. ఇప్పటికీ రిపేరు చేస్తే అలాగే ఇసుక చల్లుతారంట. అంత డబ్బున్న దేశం, నిజం రాయే పెట్టుకోవచ్చు, లేదంటే రాయిలా కనబడే సిమెంట్ షీట్లు కొట్టేస్తే యాభై ఏళ్ళు చూడక్కర్లేదు. ఎందుకండీ ఈ చాదస్తం?
– ఏలూరు పాఠకుడు, ప్రస్తుతం యాష్‌బర్న్

జవాబు: చాదస్తమే, కాదనను. కానీ ఆ చాదస్తం వాషింగ్టన్‌ది, ఇప్పటివాళ్ళది కాదు.

ఆయనకి రాతి మేడ కావాలి, ఉన్నదేమో చెక్క ఇల్లు. అందుకని పైన్ చెక్క పలకలు తీసుకుని అంచులు ఏటవాలుగా చెక్కించి, మధ్యలో నిలువు గాట్లు తీయించి, ఒక్కో పలక పక్కపక్కన పేర్చిన రాతి దిమ్మెల్లా కనబడేటట్టు చేయించాడు. దాని మీద చిక్కగా పెయింట్ వేసి, అది తడిగా ఉండగానే ఇసుక విసిరి కొట్టడం, ఇంకా పట్టను అనేదాకా కొట్టడం. 1799లో, అంటే ఆయన చనిపోయిన ఏడాదే, ఒక ఉత్తరంలో ఆయనే రాశాడు, ఇసుక వేసేది రెండు పనులకి, ఒకటి మన్నిక, రెండు రాయిలా కనబడటానికి అని. (ఆ ఎస్టేట్‌లో అదే 1799 నాటికి 317 మంది బానిసలు ఉన్నారు. ఇంటి సోకు ఆయనదే, చాకిరీ వాళ్ళది, అది కూడా ఆ గోడ చూసేటప్పుడు గుర్తుండాలి.)

ఇప్పుడు మీరన్నట్టు నిజం రాయి పెట్టారనుకోండి, అది చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ వాషింగ్టన్ ఇల్లు అవదు, ఆయనకి కుదిరితే కట్టుకుందును అనుకున్న ఇల్లు అవుతుంది. ఆ ఇంటికి నకిలీ రాయే అసలు. మామూలు మ్యూజియంలో వస్తువులు అద్దాల పెట్టెలో ఉంటాయి, గోడకి సున్నమేస్తే ఏంటి, టైల్సేస్తే ఏంటి. ఇలాంటి ఇంట్లో గోడే ప్రదర్శన వస్తువు, అది కూడా ఎండా వానా తింటూ బయట నిలబడ్డ వస్తువు.

సిమెంట్ షీట్ సంగతి వేరే. చెక్క గోడ మీద షీటు బిగిస్తే ఎక్కడో మేకు సందులోంచో కిటికీ పక్కనించో నీళ్ళు దూరతాయి, దూరకుండా ఆపిన మొనగాడు ఇంతవరకు లేడు. దూరిన నీళ్ళు ఆరే దారి ఉండదు. పైకి యాభై ఏళ్ళు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క మాత్రం చెరుకు పిప్పి అయిపోతుంది. పెయింటూ ఇసుకా అయితే పాడైతే కంటికి కనబడి పాడవుతుంది, ఆ ముక్క వరకు తీసి మళ్ళీ వేసుకోవచ్చు. అసలు బయటి పూత పని అదే, లోపలిదాని బదులు తను అరిగిపోవటం.

ఇంకో మాట, మీరు నదివైపు వరండా చూసే ఉంటారు, రెండంతస్తుల ఎత్తు స్తంభాలు, కింద పొటోమాక్ నది. 1850ల్లో ఆ వరండా కప్పు పడిపోకుండా పాత ఓడల తెరచాప కొయ్యలు తెచ్చి ఊతం పెట్టారు, ఫొటో కూడా ఉంది. ప్రభుత్వం కొనలేదు. ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అనే ఆవిడ 1853లో ఆడవాళ్ళతో ఒక సంఘం పెట్టి, చందాలు పోగేసి, 1858లో 2 లక్షల డాలర్లకి బేరం కుదుర్చుకుంది. ఇవాళ్టికీ ఆ సంఘం చేతిలోనే ఉంది ఇల్లు. మన దగ్గర ఏ పాతిల్లు కూలినా గవర్నమెంటు ఏం చేస్తోంది అంటాం, అనాలి కూడా, కానీ ఇదొకటి కూడా జరిగింది లోకంలో.

మళ్ళీ వెళ్తే పైకప్పు మీద గాలివాటు చూపే పావురం బొమ్మ చూడండి. అది నకలు, అసలుది లోపల దాచారు. దాచగలిగింది దాచి నకలు పెట్టారు, దాచలేని గోడకి పాత పద్ధతిలోనే పూత వేస్తున్నారు, అంతే తేడా.

ప్రశ్న: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తాతగారు 1920ల్లో కట్టించిన మండువా లోగిలి ఉంది, అప్పట్లో ఊరి గ్రంథాలయం మా వీధరుగు మీదే నడిచేదట. తాతగారి పుస్తకాలు, రాట్నం, ఉత్తరాలు పెట్టి చిన్న మ్యూజియంలా చేద్దామని అన్నదమ్ములం అనుకున్నాం. లోపల పర్లేదు, బయటే ఘోరం. నేల నుంచి మూడడుగుల దాకా గార పొంగి పెచ్చులు రాలుతోంది, తెల్లగా ఉప్పు తేలింది. మేస్త్రీ ఏమో మొత్తం ఇటుక దాకా కొట్టేసి సిమెంట్ ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫ్, పుట్టీ, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేస్తే మళ్ళీ చూడక్కర్లేదు అంటున్నాడు. సోమవారం పని మొదలు. మీరేమంటారు?
– కోనసీమ పాఠకురాలు

జవాబు: సోమవారం మొదలెట్టకండమ్మా. ఇది అచ్చయ్యేలోపే పని అయిపోతుందేమో అని ముందే ఫోన్ చేసి చెప్పాను, అందరికీ పనికొస్తుందని ఇక్కడ కూడా రాస్తున్నా.

సరిగ్గా ఇదే పని మా అమ్మమ్మగారింటికి చేయించాం మేము. అప్పటికి నేను సివిల్ ఇంజనీరింగ్ పాసై వచ్చిన కొత్త, సిమెంట్ తప్ప ఇంకోటి తెలీదు, నేనే దగ్గరుండి కొట్టించాను. మొదటి రెండేళ్ళు అందరూ మెచ్చుకున్నారు. మూడో ఏడు చెమ్మ మూడడుగుల దగ్గర్నించి అయిదడుగులకి పాకింది. ఆరో ఏడు ఒక చోట సిమెంట్ పలకలాగా ఊడొచ్చింది, దాని వెనకాల ఇటుక లేదు, చేత్తో గీరితే ఎర్రటి పిండి. అమ్మమ్మ ఏమీ అనలేదు, ఆ పిండి చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తింది, అంతే. ఆ చేట నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఎందుకలా అయింది అంటే, పాత ఇటుక మెత్తటిది, నేలలో నీళ్ళని దీపం వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. సున్నపు గార ఉన్నన్నాళ్ళూ ఆ తడి గారలోంచి గాలికి ఆరిపోయేది, తడితో వచ్చిన ఉప్పు గారలో పేరుకునేది, గార పొట్టు రాలేది, మళ్ళీ పూసేవాళ్ళు. అంటే మీ గోడకి రోగం రాలేదు, గార తన పని తాను చేస్తోంది. దాని మీద సిమెంట్ కప్పితే తడి ఆరే దారి లేక పైకి ఎక్కుతుంది, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని లోపల్నించి పగలగొడుతుంది. పైన వాటర్‌ప్రూఫ్ అంటే బయటి నీళ్ళు రాకుండా ఆపటం మాట అటుంచి లోపలి నీళ్ళు పోకుండా ఆపటం.

కాబట్టి ముందు గోడ వదిలేసి నీళ్ళ సంగతి చూడండి. వానొచ్చినప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి, ఎస్టిమేట్ కన్నా అది ముఖ్యం. చూరు పెంకు ఎక్కడ జారింది, చూరు నీళ్ళు గోడ మీదకి చిందుతున్నాయా, ఎక్కడ నిలుస్తున్నాయి. ఇంకోటి, నేను పందెం కాస్తాను, మీ వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు పోసి పోసి ఇప్పుడు రోడ్డు మీ అరుగు మొదటి మెట్టుతో సమానంగా వచ్చి ఉంటుంది, దొడ్లో కూడా మట్టి తోలించి మెరక చేసి ఉంటారు. కట్టినప్పుడు నేల పైన ఉన్న గోడ ఇప్పుడు నేల లోపల ఉంది. గోడ చుట్టూ ఆ మట్టి తీయించి, నీళ్ళు వాలిపోయేటట్టు చిన్న కాలవ తీయిస్తే సగం చెమ్మ అక్కడే పోతుంది, దానికి మేస్త్రీ కూడా అక్కర్లేదు, ఇద్దరు కూలీలు చాలు.

తర్వాత గోడ. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళండి, కొబ్బరికాయ కొనేటప్పుడు తడతామే అలాగ. టక్ అని గట్టిగా పలికితే అది బాగున్నట్టు, డొల్లగా డబ్ అంటే ఇటుకని వదిలేసినట్టు. డొల్ల ఉన్నచోట సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత లోపల వరకే తీయాలి, గట్టిగా ఉన్న వందేళ్ళ గారని సుత్తితో కొట్టటం పాపం, పైగా దండగ ఖర్చు.

పూయాల్సింది డంగు సున్నం. కాల్చిన సున్నం నీళ్ళలో విరిసాక వెంటనే వాడకుండా కొన్ని వారాలు నీళ్ళ కిందే నాననివ్వాలి, ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళు ఇసుక, గానుగలో వేసి నూరటం, బెల్లం కరక్కాయ ఊరబెట్టిన నీళ్ళు కలపటం. మీది నది పక్క ప్రాంతం, ఇటుక పొడి కొంచెం కలిపితే చెమ్మ చోట కూడా బాగా బిగుస్తుంది. ఇసుక ఏది అన్నది కూడా లెక్కే, రాలిన పాత గార ముక్క ఒకటి ల్యాబ్‌కిస్తే యాసిడ్‌లో సున్నం కరిగించి మిగిలిన ఇసుక చూపిస్తారు, దాన్ని పోలిన ఇసుకే వెతుక్కోవాలి. పల్చటి పూతలుగా వేయాలి, ఒక పూత బిగిసాకే రెండోది. సున్నం ఆరటం కాదు, గాల్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ రాయిగా మారటం, అది నిదానంగా జరుగుతుంది, మీద గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండాలి, మండుటెండలో చేస్తే నెర్రెలు విచ్చుతుంది. జోరువానల్లోనూ వద్దు. అందుకే సోమవారం వద్దన్నాను, దసరా దాటాక పెట్టుకోండి, ఈలోగా కాలవ పని చేయించండి.

మీ మేస్త్రీని తిట్టకండి. ఆయనకి వచ్చిన పని ఆయన చెప్పాడు. గార పని తెలిసినవాళ్ళు తక్కువే కానీ ఉన్నారు, గుళ్ళ మరమ్మతులు చేసేవాళ్ళని అడగండి. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూశారా, ఆ గోడల మీది లతలూ పువ్వులూ అన్నీ సున్నపు గారే, అక్కడి పునరుద్ధరణకి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. అది నిజాంగారి ఇల్లు, మీది తాతగారి ఇల్లు, సున్నానికి ఆ తేడా తెలీదు.

ప్రశ్న: మా ఊళ్ళో ఒక పెద్దాయన ఇంటిని స్మారక మ్యూజియం చేస్తున్నాం. కమిటీలో తలుపులూ కిటికీల రంగు మీద నెల రోజులుగా గొడవ. ఒకరు ఆకుపచ్చ అంటారు, ఒకరు నీలం, ఒకరు హెరిటేజ్ లుక్ కోసం పసుపూ మెరూనూ అంటున్నారు. ఉన్నది బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒక్కటే.
– కమిటీ సభ్యుడు, తెనాలి

జవాబు: ఓట్లు పెట్టకండి, తలుపుని అడగండి. బందు వెనకాల, కిటికీ రెక్క లోపలి అంచున, అంటే ఎండా చేతులూ తగలని చోట, రూపాయి బిళ్ళంత మేర నీళ్ళలో తడిపిన వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెల్లగా గుండ్రంగా రుద్దండి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఉల్లిపాయ కోసినట్టు ఒకదాని చుట్టూ ఒకటి రంగుల వలయాలు కనబడతాయి, అన్నిటికన్నా మధ్యలో చెక్కకి అంటుకుని ఉన్నది మొదటి రంగు (రంగుకి ముందు వేసే ప్రైమర్ పూత కాకుండా చూసుకోండి). రెండు మూడు చోట్ల చేసి చూడండి, ఒక్కచోటుని నమ్మొద్దు. అవిసె నూనె పెయింట్ చీకట్లో పసుపు రంగుకి తిరుగుతుంది, అందుకని తీసిన ముక్కని కొన్నాళ్ళు వెలుతుర్లో పెట్టి ఆ తర్వాతే షేడ్ కార్డుతో పోల్చండి, లేకపోతే లేత నీలాన్ని ఆకుపచ్చ అనుకుని మళ్ళీ గొడవ పడతారు.

పాత పెయింట్‌లో సీసం ఉంటుంది, పొడిగా గీకటం, మంటపెట్టి కాల్చటం చేయొద్దు, మాస్కు లేకుండా అసలు దగ్గరికే పోవద్దు, పిల్లల్ని రానివ్వద్దు. మన దేశంలో పెయింట్‌లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు) మించకూడదన్న రూలు అమల్లోకొచ్చింది 2017లో మాత్రమే.

ఇక పసుపూ మెరూనూ అన్న పెద్దమనిషికి, 1964 వెనిస్ చార్టర్ అని ఒకటుంది, ప్రపంచమంతా పాత కట్టడాల వాళ్ళు దాన్నే పట్టుకుంటారు, అందులో ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగాలి అని ఉంది. హెరిటేజ్ లుక్ అనేది ఊహ. పాతిల్లు పాతగా కనబడాలని రంగులేయటం, ముసలాయనకి తెల్లగడ్డం అతికించటం రెండూ ఒకటే.

ప్రశ్న: మా పాత ఇటుక ఇంటికి ఉత్తరం గోడ మీద, కూలర్ పెట్టిన చోట చుట్టూ, నల్లగా నాచు పట్టింది. కారు కడిగే ప్రెజర్ వాషర్‌తో కొట్టొచ్చా? సాండ్ బ్లాస్టింగ్ (ఇసుకని గాలితో జోరుగా కొట్టటం) అయితే ఇంకా శుభ్రంగా వస్తుందని ఒకాయన అన్నాడు.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండూ వద్దు. ఇటుకకి బట్టీలో కాలిన పైచర్మం ఉంటుంది, జొన్నరొట్టె పైపొరలాగా, బలమంతా అక్కడే. సాండ్ బ్లాస్టింగ్ దాన్ని లేపేస్తుంది, ప్రెజర్ వాషర్ సందుల్లో సున్నాన్ని తవ్వేసి నీళ్ళు లోపలికి ఎక్కిస్తుంది, మరుసటేడు నాచు రెట్టింపు వస్తుంది. మామూలు నీళ్ళు, కొబ్బరిపీచు, ఓపిక. దానికన్నా ముందు ఆ కూలర్ అక్కణ్ణించి తీసేయండి సార్, నాచంతా దాని చలవే.